సత్తెమ్మ పెద్దమ్మ కూలరుకు నేనిచ్చిన సర్టిఫికెట్

ఒక మనిషిని కొట్టకుండా, తొయ్యకుండా, కనీసం వేలితో తాకకుండా చెయ్యి విరగ్గొట్టడం సాధ్యమేనా అని మీరెప్పుడైనా ఆలోచించారో లేదో నాకు తెలియదు. సాధ్యమే. నేను చేశాను. ఆ చెయ్యి విరిగే సమయానికి నేను మూడిళ్ల అవతల మా ఇంట్లో కూర్చుని పెరుగన్నంలో మామిడికాయ బద్ద నంజుకుంటున్నాను. పైగా ఈ ఘనకార్యానికి నాకు శాలువా కూడా కప్పారు. నవ్వాలనుకుంటే ఇప్పుడే నవ్వేసుకోండి. మధ్యలోకి వెళ్లాక నాకే నవ్వు రాదు, మిమ్మల్ని నవ్వమని ఏ మొహం పెట్టుకుని అడగను?

అప్పుడు నాకు ఇరవై ఏళ్లు. సికింద్రాబాదులో, కార్ఖానా అనే పేటలో ఉండేవాళ్లం. నాన్న గుంటూరు వైపు నుంచి పంతులు ఉద్యోగానికని వచ్చి, ఇక్కడే ఒక చిన్న బడికి హెడ్మాస్టరయ్యారు. నేను ఆ ఏప్రిల్లోనే పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా పరీక్షలు రాశాను. ఫలితాలు ఇంకా రాలేదు. అయినా పేరు పక్కన డి.ఇ.ఇ. అని రాసుకోవడానికి ఫలితాలతో పనేముంది? మా ఇంటి గేటు మీద సుద్దముక్కతో రాసేశాను. అమ్మ తుడిచేసింది. మళ్లీ రాశాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా వెనకవీధిలో ఒకరింట్లో స్విచ్ బోర్డు కాలి కర్టెన్లు అంటుకున్నాయి. ఎవరికీ ఏమీ కాలేదు గానీ అందరూ భయపడ్డారు. ఆదివారం చర్చిలో యువజనుల కూటానికి వెళ్లి నేను ఛాతీ విరుచుకుని లేచాను. ‘‘అయ్యగారూ, మన వీధుల్లో ఇంటింటికీ వెళ్లి కరెంటు తనిఖీ చేస్తాను. ఉచితంగా. మతంతో పని లేకుండా, అందరిళ్లూ’’ అన్నాను. మా పాస్టరు గారిని అయ్యగారనే పిలుస్తాం. ఆయన పొంగిపోయి ఆరాధనలో ప్రకటన చేశారు. నాకంటే ముందు నా పేరు వీధంతా తిరిగొచ్చింది.

అమ్మకు మాత్రం గుండెల్లో రాయి పడింది. ‘‘అబ్బాయ్, ఊళ్లోవాళ్ల కరెంటుతో నీకెందుకురా? ఏదైనా అయితే?’’ అంది.

‘‘నేను చదివిందే అది కదమ్మా!’’

‘‘చదవడం వేరు, ముట్టుకోవడం వేరు. చేతులకు రబ్బరు గ్లౌజులు, కాళ్లకు బూట్లు లేకుండా వెళ్లనని నా మీద ఒట్టు వెయ్యి.’’

వేశాను. నాన్న ఎక్కడి నుంచో మోచేతుల దాకా వచ్చే నల్లటి రబ్బరు గ్లౌజులు, గేదెలు కడిగేవాళ్లు వేసుకునేలాంటి బూట్లు తెచ్చిచ్చారు. మే నెల ఎండలో అవి తొడుక్కుని, చేతిలో టెస్టరు, చంకలో రిజిస్టరు, జేబులో చీటీల కట్టతో బయల్దేరాను. చీటీల మీద ‘విద్యుత్ భద్రతా తనిఖీ జరిగినది. సురక్షితం’ అని అచ్చు వేయించి, కింద ఆకుపచ్చ ఇంకుతో సంతకం పెట్టేవాణ్ణి. ఆకుపచ్చ ఇంకు పెద్ద ఆఫీసర్లు వాడతారని ఎవరో చెప్పారు.

టెస్టరు మీకు తెలిసే ఉంటుంది. స్క్రూడ్రైవరు లాంటిదే, పిడిలో చిన్న దీపం ఉంటుంది. ఫ్రిజ్జో, ఇస్త్రీపెట్టో, దాని ఇనుప ఒంటికి మొన ఆనిస్తే, లోపలి కరెంటు బయటికి కారుతున్నప్పుడు ఆ దీపం వెలుగుతుంది. వెలగకపోతే భయం లేదు. నేను నలభై ఇళ్లు తిరిగాను. ఒక్కచోట కూడా వెలగలేదు. నలభై ఇళ్లలో, అందులోనూ సగం తాతల కాలం నాటి వైరింగుల్లో, ఒక్క లోపం కూడా లేదంటే బుద్ధున్నవాడికి అనుమానం రావాలి. నాకు రాలేదు. మా వీధి అదృష్టం అనుకున్నాను. ఇంకాస్త నిజం చెప్పాలంటే, నా హస్తవాసి అనుకున్నాను.

అలా ఒకనాడు సత్తెమ్మ పెద్దమ్మ ఇంటికి వెళ్లాను. ఆమెకు అరవై దాటాయి. భర్త పోయాక కుట్టుమిషను మీదే బతికింది. నాన్న బడి పిల్లల యూనిఫారాలన్నీ ఏటా ఆమే కుట్టేది. వేసవి సెలవులంతా ఆ ఇంట్లో నీలం లాగులు, తెల్ల చొక్కాలు గుట్టలుగా పడి ఉండేవి.

‘‘పెద్దమ్మా, తనిఖీకి వచ్చాను’’ అన్నాను గుమ్మంలో నిలబడి.

‘‘రా బిడ్డా. గా బూట్లు గడప అవుతల ఇడువు.’’

‘‘బూట్లు తీయకూడదు పెద్దమ్మా. భద్రత.’’

‘‘నా ఇంట్ల దేవుడున్నడు. నీ భద్రత బయట పెట్టి రా.’’

బూట్లు విడిచాను. గ్లౌజులు విడవలేదు. అమ్మకు ఇచ్చిన మాటలో సగమైనా నిలబెట్టుకోవాలి కదా. కాళ్ల కింద ఒక చెక్కపీట వేయించుకుని దాని మీద నిలబడి చుట్టూ చూశాను.

‘‘జెర గీ కూలరు సూడు సుధాకరూ’’ అంది పెద్దమ్మ. కిటికీ దగ్గర పాత ఇనుప కూలరు గడగడమంటూ తిరుగుతోంది. ‘‘నీళ్లు వోస్తుంటే చెయ్యి గుంజుతున్నది. గందుకే రోజూ ప్లగ్గు పీకి వోస్తున్న.’’

నేను టెస్టరు మొన కూలరు డబ్బాకు ఆనించాను. దీపం వెలగలేదు. నాలుగు పక్కలా ఆనించాను. వెలగలేదు.

‘‘చూశారా? ఏమీ లేదు.’’

‘‘మరి గుంజుతున్నది గద?’’

‘‘అది నరాల బలహీనత పెద్దమ్మా. ఈ వయసులో అలాగే జివ్వుమంటుంది.’’

‘‘నరాలైతే కూలరు కాడనే ఎందుకు గుంజుతయి బిడ్డా? మిషిను కాడ గుంజవేంది?’’

ఇంతకంటే శాస్త్రీయమైన ప్రశ్న మూడేళ్లలో మా పాలిటెక్నిక్‌లో ఎవరూ అడగలేదు. జవాబుగా నేను కూలరు మీద చీటీ అంటించాను. అంటించి, దాన్ని గ్లౌజు చేత్తో బాగా రుద్ది, ‘‘ఇకమీదట ప్లగ్గు పీకే పని లేదు. నిశ్చింతగా నీళ్లు పోసుకోండి’’ అని సెలవిచ్చాను. పెద్దమ్మకు ఆకుపచ్చ సంతకం మీద గురి కుదిరింది. ‘‘సదువుకున్నోనివి. నువ్వు చెప్తే సరే’’ అంది.

నాలుగు రోజుల తర్వాత మధ్యాహ్నం పూట ఆమె కుడిచెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. బాత్రూములో కాలు జారిందని అందరికీ చెప్పింది. ఆసుపత్రిలో సిమెంటు కట్టు వేసి, ఆరు వారాలు కదపొద్దన్నారు.

నేను బత్తాయిలు పట్టుకుని పరామర్శకు వెళ్లాను. ఊరికే వెళ్లి రావచ్చు కదా! ‘‘తడి నేల మీద నడిచేటప్పుడు మడమ ముందు ఆనకూడదు పెద్దమ్మా, పాదమంతా ఒకేసారి ఆనాలి’’ అని లేచి నడిచి చూపించాను. అటూ ఇటూ రెండుసార్లు. ఆమె మంచం మీద కూర్చుని నా నడక శ్రద్ధగా చూసింది.

‘‘సరే బిడ్డా. గట్లనే నడుస్త.’’

గదిలో ఉడికిపోతోంది. ఆమె మొహమంతా చెమట. కూలరు మీద దుప్పటి కప్పి ఉంది. ‘‘కూలరు వేసుకోలేదేం?’’ అని అడిగాను.

‘‘సల్లగనే ఉన్నది’’ అంది. మే నెలలో, సికింద్రాబాదులో! నేను ఆ మాట కూడా నమ్మేశాను.

రెండు రోజులకు యాదగిరి మామ నన్ను పిలిచాడు. ఆయన చాలా ఏళ్లు వైర్‌మన్‌గా చేసి, ఇప్పుడు ఇంటి ముందరి గదిలో ఫ్యాన్లు, మోటార్లు బాగుచేస్తుండేవాడు.

‘‘రా ఇంజనీరు సాబ్, కూసో. సత్తెమ్మక్క కూలరు నేనే బాగు చేసిన. లోపల పంపు వైరు తెగి డబ్బకు తాకుతున్నది.’’

‘‘అలాగా? నేను చూసినప్పుడు బాగానే ఉందే!’’

‘‘అక్క బాత్రూముల జారలే. కూలరు కొట్టింది. కొడితే ఎగిరి మిషిను మీద వడ్డది. ప్లగ్గు పీకకుంట నీళ్లెందుకు వోసినవక్కా అంటే, పిలగాడు చీటి అంటిచ్చిండు గద అన్నది.’’

‘‘మరి బాత్రూమని చెప్పారు?’’

‘‘నీ కోసమే. పోరడు నౌకరికి తిరుగుతున్నడు, పేరు ఖరాబైతది, ఎవలకు చెప్పకు యాదగిరీ అని ఒట్టు వేయించుకున్నది. నీకు సుత చెప్పద్దన్నది గని, చెప్పక ఎట్ల ఊకుంట? ఏదీ, టెస్టరు ఎట్ల పడ్తవో సూపెట్టు.’’

నేను గ్లౌజులు తొడుక్కుని, గోడకున్న ప్లగ్గు రంధ్రంలో టెస్టరు పెట్టాను. దీపం వెలగలేదు.

‘‘ఇందులో కరెంటు లేదు మామా.’’

‘‘లేదా? మరి దాంట్ల వెట్టిన టేబుల్ ఫ్యాను పొద్దున ఎట్ల తిరిగింది? గ్లౌజు తియ్యి.’’

‘‘అమ్మకు ఒట్టు వేశాను మామా...’’

‘‘తియ్యి!’’

తీశాను. టెస్టరు వెనకనున్న ఇనుప బిళ్ల మీద బొటనవేలు పెట్టించాడు. ఎర్రటి దీపం, ఇన్నాళ్లూ ఎక్కడికి పోయిందో, టక్కున వెలిగింది.

‘‘ఉట్టి వేలు తాకితెనే దీపం ఎలుగుతది సుధాకరూ. రబ్బరు తొడుక్కుంటె సబ్ స్టేషన్ల పెట్టినా ఎలగది. ఎన్ని ఇండ్లు సూసినవ్ గిట్ల?’’

‘‘నలభై.’’

ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వి ఉంటే బాగుండేది. ‘‘రేపు పొద్దుగాల్నే షురూ చెయ్యి. అన్ని ఇండ్లు మల్ల సూడు. ఉట్టి చేతుల్తోని’’ అని మాత్రం అన్నాడు.

వెళ్లాను. వెళ్లి ఏమని చెప్పాలి? ‘మొన్న నేను చూసింది చూడటం కాదు’ అని చెప్పాలి. ఆ వాక్యం మా గేటు దాటేదాకా నా నోట్లోనే ఉంది. మొదటి ఇంటి తలుపు తీయగానే దాని బదులు ఇంకోటి వచ్చింది: ‘‘రెండో విడత తనిఖీ అండీ. మొదటి విడత పైపైన. ఇది లోతుగా.’’

ఈసారి దీపం వెలిగింది. ఒకరి ఇస్త్రీపెట్టెలో వెలిగింది, ఒకరి నీళ్ల మోటారు దగ్గర వెలిగింది, చివరికి మా ఇంటి ఫ్రిజ్జు తలుపు మీద వెలిగింది. ‘‘జివ్వుమంటోందని నేను మొత్తుకుంటే, నీకు రక్తం తక్కువమ్మా అని టానిక్కు తెచ్చిచ్చావు కదరా!’’ అంది అమ్మ. ‘‘ఇది ఇప్పుడే కొత్తగా వచ్చిన లోపమమ్మా’’ అన్నాను. అన్నీ యాదగిరి మామ బాగుచేశాడు. పేరు మాత్రం నాకొచ్చింది. మొదటిసారి దొరకని తప్పుల్ని పట్టువదలకుండా రెండోసారి వచ్చి పట్టుకున్నాడని, ఈ కాలంలో ఇలాంటి కుర్రాడు ఉండటం మన భాగ్యమని వీధిలో చెప్పుకున్నారు. సత్తెమ్మ పెద్దమ్మ ఇంటికి మాత్రం రెండో విడత వెళ్లలేదు. ఆమె గుమ్మం కనబడితే చాలు, కాళ్లు వాటంతటవే పక్కసందులోకి తిరిగేవి.

ఒకరోజు భోజనాల దగ్గర నాన్న అన్నారు. ‘‘బడి తెరిచే రోజుకు యూనిఫారాలు రాకపోతే, వచ్చే ఏటి నుంచి కుట్టుపని వేరేవాళ్లకిస్తామంటోంది కమిటీ. సత్తెమ్మ గారేమో ఎడంచేత్తో కుడుతున్నా, అయిపోతయి సారూ అంటోంది. ఎవరినైనా సాయం పంపిస్తానంటే వద్దంటోంది. నువ్వు చూసొచ్చావుగా, ఎలా ఉందిరా ఆవిడ?’’

ఆమె సాయం ఎందుకు వద్దంటోందో నాకు అర్థమైంది. సాయానికొచ్చిన ఆడవాళ్లు ఎలా పడ్డావని అడుగుతారు. బాత్రూములో ఎక్కడని అడుగుతారు. అడిగి అడిగి నా చీటీ దాకా వస్తారు. నా పేరు కాపాడటానికి ఆమె తన బతుకుతెరువును పణంగా పెట్టి, ఒంటిచేత్తో, తలుపులు వేసుకుని కుడుతోంది.

‘‘బాగానే ఉంది నాన్నా’’ అన్నాను. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ మూడు ముక్కలు గుర్తొస్తే నాకు సిగ్గేస్తుంది.

ఆ వారమే అయ్యగారు కబురు పంపారు. ఆదివారం ఆరాధనలో నాకు సన్మానం. వీధిలోని అన్ని మతాలవాళ్లనూ పిలిచారు. ‘‘శాలువా ఎవరి చేత కప్పిస్తున్నామో తెలుసా? మీ వీధికి పెద్దావిడ, సత్తెమ్మ గారు!’’ అన్నారు ఆయన మహా సంబరంగా. నాకు జ్వరం వస్తే బాగుండునని శనివారమంతా ఎదురుచూశాను. రాలేదు.

ఆదివారం పెద్దమ్మ మంచి పట్టుచీర కట్టుకుని, చేతికట్టును మెడలోంచి వేలాడేసుకుని వచ్చింది. ఒక్క చేత్తో శాలువా విప్పబోతే అది జారిపోయింది. నేను వంగాను. ఎడంచేత్తో ఒక భుజం మీదికి లాగి, రెండో కొసను ఆ సిమెంటు కట్టుతోనే నా మెడ వెనక్కి తోసింది. గరుకైన ఆ కట్టు మెడకు రాసుకుంది. ‘‘సల్లగుండు బిడ్డా’’ అంది నెమ్మదిగా. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

‘‘సహోదరుడు ఇప్పుడు సాక్ష్యం చెబుతాడు’’ అన్నారు అయ్యగారు.

మా చర్చిల సంగతి తెలియనివారికి ఒక మాట చెప్పాలి. సాక్ష్యమంటే, నిలబడి, దేవుడు తనకు చేసిన మేలు పదిమందికీ చెప్పడం. చెప్పేవాడు ముందుగా తనను తాను బాగా తగ్గించుకోవాలి. నేను అయోగ్యుణ్ణి, ధూళిని, పురుగును అంటూ మొదలుపెట్టాలి. ఎంత తగ్గించుకుంటే వినేవాళ్లు అంత గట్టిగా ఆమేన్ అంటారు. అది మర్యాద.

నేను నిలబడ్డాను. ‘‘ఈ శాలువాకు నేను తగను.’’

‘‘ఆమేన్!’’ అంది సంఘం.

‘‘నేను చేసిన తనిఖీ తనిఖీయే కాదు.’’

‘‘స్తోత్రం!’’

‘‘నాకు టెస్టరు పట్టుకోవడం కూడా రాదు.’’

‘‘ఎంత తగ్గింపో, ఎంత తగ్గింపో’’ అని ముందు వరసలో ఒక మామ్మగారు కళ్లు ఒత్తుకుంది. మా అమ్మ గర్వంగా పక్కావిడ మోచెయ్యి నొక్కింది.

‘‘సత్తెమ్మ పెద్దమ్మ చెయ్యి విరిగింది నా వల్లే!’’ అని అరిచాను.

‘‘ఆమేన్!’’ అని చర్చి మారుమోగింది. అయ్యగారు నా భుజం మీద చెయ్యి వేశారు. ‘‘చూడండి సహోదరులారా! పొరుగామె జారిపడితే అది కూడా తన తప్పుగానే ఎంచుకుంటున్నాడు. ఇదీ ప్రేమంటే!’’

‘‘కాదయ్యగారూ, నిజంగానే...’’

‘‘స్తోత్రం! స్తోత్రం!’’

జన్మలో మొదటిసారి ధైర్యం చేసి నిజం చెబితే, చెప్పిన కొద్దీ నా పరువు పెరిగిపోతోంది. ఇంకో రెండు వాక్యాలు చెబితే నన్ను పాస్టరు చదువుకు పంపించేసేలా ఉన్నారు. ఏం చెయ్యాలో తోచక పెద్దమ్మ వైపు చూశాను. ఆమెకు మా సాక్ష్యాల పద్ధతి తెలియదు. నోరు తెరుచుకుని అందరి మొహాలూ చూస్తోంది. ఉన్నట్టుండి లేచి నిలబడింది.

‘‘ఓ అయ్యగారూ, జెర ఆగుండ్రి! ఆమేన్ ఏంది, ఆమేన్? పిలగాడు గంత పరేషానై నిజం చెప్తుంటే ఇనరేంది? నా చెయ్యి నిజంగనే ఈనితోటే ఇర్గింది!’’

మామ్మగారు కళ్లొత్తుకోవడం మానేసింది. అమ్మ పక్కావిడ మోచెయ్యి వదిలేసింది. నేను గ్లౌజుల సంగతి, చీటీ సంగతి, రెండో విడత బొంకు, అన్నీ వరసగా చెప్పేశాను. ఈసారి ఎవరూ ఆమేన్ అనలేదు.

అంతా అయ్యాక పెద్దమ్మ దగ్గరికి వెళ్లి తల దించుకుని నిలబడ్డాను. తిడుతుందనుకున్నాను.

‘‘గీ మాట నా ఇంటికొచ్చి చెప్పరాదు బిడ్డా?’’ అంది. ‘‘యాదగిరి నీకు చెప్పిండని నాకు ఎరికే. గప్పటిసంది ఇయ్యాల వస్తడు, రేపొస్తడని సూస్తున్న.’’

నా చీటీ నమ్మినందుకు కాదు, నా కోసం అబద్ధమాడినందుకూ కాదు, నేను వస్తానని అన్ని రోజులు ఎదురు చూసిందే, అందుకు నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఇక దాచాల్సింది లేకపోవడంతో ఆ మధ్యాహ్నమే ఆమె తలుపులు తెరుచుకున్నాయి. మా అమ్మ, అయ్యగారి భార్య, ఇంకో నలుగురు ఆడవాళ్లు లాగులూ చొక్కాలూ పంచుకున్నారు. నాకు బొత్తాలు కుట్టే పని పడింది. వేలికి పొడుచుకుంటూ, దారం చిక్కులు విప్పుకుంటూ, సాయంత్రానికి ఒక చొక్కా పూర్తి చేసి పెద్దమ్మకు అందించాను.

‘‘గట్టిగున్నయా?’’

‘‘గట్టిగానే ఉన్నాయి పెద్దమ్మా.’’

ఆమె ఎడంచేత్తో పై బొత్తాన్ని పట్టుకుని లాగింది. ఊడి చేతిలోకొచ్చింది. రెండోది లాగింది. అదీ వచ్చింది. రెండూ నా అరచేతిలో పెట్టి, ‘‘మల్ల కుట్టు’’ అంది.

కనుక పాఠక మహాశయులారా, ఆ రెండు బొత్తాలను సాక్షులుగా పెట్టుకుని నేనొక ప్రతిజ్ఞ చేశాను. నా చేత్తో లాగి చూడని దేన్నీ ఈ జన్మలో గట్టిదని అనను. ఎదుటి మనిషి బాధగా ఉందంటే, నా దీపం వెలగలేదు కాబట్టి నీకు బాధ లేదని అనను. తప్పు చేస్తే ఎవరింటికి వెళ్లి చెప్పాలో ఆ ఇంటికే, ఆ రోజే వెళతాను, దారిలో ఎన్ని పక్కసందులున్నా సరే. ప్రతిజ్ఞ ముగించి బొత్తాలు మళ్లీ కుట్టి ఇచ్చాను. పెద్దమ్మ లాగి చూసింది. ఒకటి నిలిచింది.